ఇంటర్వల్ తర్వాతి పాట

తలుపు మూసుకున్న క్షణాన లోపలి ఫ్యాను ఆగింది. అప్పటిదాకా అది తిరుగుతున్నదన్న సంగతే బయట వసారాలో కూర్చున్న లింగమూర్తి గమనించలేదు. ఆగిన తర్వాతనే చెవికి తెలిసింది. ఉన్నదాన్ని లేనప్పుడు గుర్తించడమే మనిషికి చేతనైన జ్ఞానమేమో అనుకున్నాడు. వాక్యం బాగుందనిపించింది. బాగుందనిపించగానే, ఇదే వాక్యం స్నేహితుడు జబ్బారు రాసి ఉంటే ఇంకెంత బాగుండేదో అన్న తలపు వెంటనే వచ్చి ఆ సంతోషాన్ని చెరిపేసింది. కరీంనగరం గ్రంథాలయపు వెనుక గది అది. హైదరాబాదులోని విశ్వవిద్యాలయం నుంచి కైలాసం అనే యువకుడు టేపు యంత్రం మోసుకొని వచ్చాడు. గ్రామఫోను ప్లేటు పాటలు, నాటక సమాజాల హార్మోనియం పాటలు, ఖవ్వాలీలు, టాకీ పాటలు జనం నోళ్లలో ఎట్లా తిరిగినవో వాటి గురించి పత్రికల్లో రాసినవారి నోటనే విని చరిత్ర కూర్చాలన్నది అతని సంకల్పం. ఈ జిల్లాలో అట్లా రాసినవారిలో ఇద్దరే మిగిలారు. ఉర్దూ దినపత్రికకు రాసిన జబ్బారు, తెలుగు వారపత్రికకు రాసిన లింగమూర్తి. ఫ్యాను మోత యంత్రంలోకి ఎక్కుతుందని కైలాసం దాన్ని ఆపించాడు, వీధిలోని రిక్షా గంటలు వినపడకుండా కిటికీకి బొంత కట్టించాడు. "ఇద్దర్ని వేర్వేరుగ కూసోపెడ్త సార్, ఒకరి మాటల ఇంకొకరి మాట కలువద్దు," అన్నాడు. లింగమూర్తికి నవ్వు రావలసింది, రాలేదు. కలవకపోవడమా? తమ ఇద్దరి బతుకుతెరువే ఆ కలయిక మీద నడిచింది. జబ్బారు మాత్రం గుమ్మంలో ఆగి, "ఫికర్ జెయ్యకు లింగం, నీకు గూడ జర మిగులుస్త తియ్యి," అని లోపలికి పోయాడు. తనకు నమస్కారం పెట్టిన కైలాసం, జబ్బారు చేతిని మాత్రం రెండు చేతులా పట్టుకున్నాడు. ఇవి లెక్కపెట్టవలసిన సంగతులు కావని లింగమూర్తికి తెలుసు. తెలిసిన మనసే లెక్కపెడుతుంటే దాన్ని ఆపే మనసు వేరే ఎక్కడిది?

లోపల ఏ ప్రశ్న వస్తుందో అతనికి ముందే తెలుసు. నిన్న సాయంత్రం కైలాసం, "అన్నిటికన్న ముఖ్యంగ నాకు ఆ ఇసుర్రాయి పాట సంగతి కావాలె సార్," అన్నాడు. అది ఇప్పటికి పద్నాలుగేళ్ల కిందట, పోలీసు చర్య జరిగి నాలుగేళ్లయిన కాలం. ఒక చిత్రం శుక్రవారం వచ్చి సోమవారానికి లేకుండా పోయింది. తీసిన కంపెనీ మునిగింది, ప్రింటు ఏమైందో తెలియదు. ఇంటర్వల్ తర్వాత ఒక ముసలమ్మ పాత్ర ఇసుర్రాయి తిప్పుతూ పాడిన పాటను ప్లేటుగా వేయనేలేదు. పాడిందెవరో తెర మీద పేరు పడలేదు. ఆ పాట ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. జబ్బారు రాసిన రెండు వాక్యాల్లో మాత్రమే ఉన్నది. "ఆమె పాట నడుమ ఒక్క ఊపిరిసేపు ఆగింది. ఆ ఆగిన జాగలో రాయి కింద నలిగింది జొన్నలు కాదు, మనం." ఉర్దూలో అచ్చయిన మూడోనాటికి అది తెలుగు నోళ్లలోకి వచ్చింది. ఆ రోజుల్లో ఎవరిని కదిలించినా ఏదో ఒక రాయి కింద నలిగినవారే. కొడుకును పోగొట్టుకున్న అక్బరీ బేగం అనే తల్లి ఆ వాక్యాన్ని తన ఇంటి గోడ మీద రాయించుకున్నదని చెప్పుకున్నారు. భూమి పోయిన రైతులు తమ కోసమే రాశాడన్నారు. ఒక వకీలు దాన్ని వాదనలో వాడుకొని దావా ఓడిపోయాడు, అయినా మెప్పు పొందాడు. జబ్బారు ఆ తర్వాత ఎన్ని రాసినా, రాయకపోయినా, బజారులో నడిస్తే "ఇసుర్రాయి సాబ్" అని సలాములు పెట్టారు. ఆ పాటను జబ్బారు విననేలేదన్న సత్యం ఎరిగినవాడు ఈ భూమి మీద ఒక్కడే. ఆ ఒక్కడు ఇప్పుడు వసారాలో బల్ల మీద కూర్చొని తన వంతు కోసం ఎదురు చూస్తున్నాడు.

టాకీసు యజమాని పత్రికలవారికని ఇచ్చేది ఒకే ఒక పాసు. పత్రికలు రెండు. టికెట్టు కొనుక్కొని పోవచ్చు గదా అని లింగమూర్తి భార్య బాలలక్ష్మి ఒకసారి అడిగితే, ఆ మాట విన్న జబ్బారు, "టికెట్ కొని చూసినోడు పేపరోడెట్లయితడు వదినె? ఇజ్జత్ పోదా?" అన్నాడు. ఆ ఇజ్జత్ కోసమే ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. పాసు చేతబట్టుకొని ఒకడు ఇంటర్వల్ దాకా చూస్తాడు. బయటికి వచ్చి పాసు రెండోవాడి చేతిలో పెడతాడు. వాడు మిగతా సగం చూస్తాడు. మరుసటి చిత్రానికి సగాలు తారుమారు. ఆట వదలగానే సర్దార్ హోటల్లో కలుసుకొని ఎవరి సగం వారు రెండోవాడికి చెప్పుకోవాలి, పాటలయితే రాగంతో సహా వినిపించాలి. ఆ తర్వాత ఇద్దరూ ఇంటికి పోయి మొత్తం చిత్రం గురించి రాసేవారు. గేటు కాడి నాగయ్య చూసీ చూడనట్టుండి, "ఇద్దరు గల్సి ఒక్క సిన్మ జూస్తరు, విడివిడిగ రెండు సిన్మలు రాస్తరు. గీ ఇకమతు, గీ ఉపాయం టాకీసు మాలకునికి రాకపాయె," అనేవాడు. నవ్వులాటకు అన్నా, అందులోని తర్కం లింగమూర్తిని విడువలేదు. మంథనిలో తర్కం చదివిన ఇంట పుట్టినవాడు. ప్రత్యక్షం ఒక ప్రమాణం, ఆప్తవాక్యం ఇంకొక ప్రమాణం. ఆప్తుడంటే ఎవరు? చూసింది చూసినట్టు చెప్పేవాడు. తాము రాసిందంతా సగం తమ కళ్లతో చూసింది, సగం స్నేహితుని నోట విన్నది. ఏ సగం ఎక్కువ నిజమని ఏ పాఠకుడూ అడగలేదు. పాఠకులకు రెండు సగాలూ ఒక్కటే. రాసినవాడికి మాత్రం కుట్టు ఎక్కడున్నదో తెలుస్తూనే ఉంటుంది, చొక్కా లోపలివైపు తెలిసినట్టు.

ఆ శుక్రవారం రెండో సగం తనది. చీకట్లో కూర్చున్నాడు, పాట మొదలైంది, వెన్ను నిటారయింది. ఇంతవరకూ అతనికి స్పష్టంగా గుర్తున్నది. బయటికి వచ్చి కళ్లు తుడుచుకోవడం గుర్తున్నది. హోటల్లో జబ్బారు ఎదురుగా కూర్చోవడం, తాను పాడటం, వాడు కళ్లు మూసుకొని తల కూడా ఊపకుండా వినడం గుర్తున్నది. ఇంటికి పోయి తాను ఏమి రాశాడు? 'గాత్రము వృద్ధ పాత్రకు తగినట్లున్నది. లయ విసురుటకు అనుగుణముగా సాగినది. సాహిత్యము జానపద శైలిలో నున్నది.' ఒక్కటీ తప్పు కాదు. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. వారం తర్వాత జబ్బారు రాసింది ఎవరో చదివి వినిపిస్తే లింగమూర్తి మొదట పులకరించాడు. అదే అతని చివరి పుణ్యం. మరుక్షణాన దాన్ని తన వాక్యాలతో పోల్చుకున్నాడు. విన్న చెవులు తనవి, తడిసిన కళ్లు తనవి, వాక్యం వాడిది! దేవుడనేవాడుంటే, ఒకడికి అనుభవం ఇచ్చి ఇంకొకడికి మాట ఇవ్వడంలో ఆయనకు దక్కే వినోదమేమిటి? ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని జబ్బారు వాక్యంలో లోపాలు ఎంచుతుంటే, బాలలక్ష్మి కంచంలో చారు పోస్తూ, "ఆయన పేరు దియ్యకుండ మీకు బువ్వ దిగదా? ఉప్పు ఎక్కువైందా తక్కువైందా, గది జెప్పుండ్రి ముందుగాల," అన్నది.

గుణంలో దోషాన్ని వెదకడమే అసూయ అని పెద్దలు నిర్వచించారు. చదువుకున్నప్పుడు అది నిర్వచనం. ఆ తర్వాత అది దినచర్య. వెదికితే దోషం దొరికింది, అదే ఘోరం. పాటలో విరామం లేదు! ఉండదు, ఉండటానికి వీలు లేదు. ఇంట్లో అవ్వ భూమవ్వ తెల్లవారకముందే ఇసుర్రాయి ముందు కూర్చుంటే ఆ మోతలోనే తాను నిద్ర లేచాడు. పాట రాయిని తిప్పుతుంది, రాయి పాటను తిప్పుతుంది. పాట ఆగితే చేయి ఆగుతుంది, చేయి ఆగితే గింజ మొరటుగా పడుతుంది. ఏ ఆడమనిషీ నడుమ ఆగదు. ఊపిరి కూడా తిరుగుడులోనే దొంగిలించుకుంటుంది. కనుక ఊరంతా కంట తడిపెట్టుకున్న ఆ 'ఒక్క ఊపిరిసేపు' జబ్బారు కల్పన. విననివాడు లేనిదాన్ని విన్నట్టు రాశాడు, లోకం నమ్మింది. ఈ మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెప్తే ఇద్దరి పాసు గుట్టూ బయటపడుతుందని ఊరుకున్నాడు. ఆ టాకీసు మూతపడి, ఆ పత్రికలు రెండూ ఆగిపోయిన తర్వాత కూడా ఊరుకున్నాడు. ఎందుకు? మంచితనమనుకున్నాడు కొన్నాళ్లు. కాదు, అనువైన చోటు కోసం చూశాడు. మాట గాలిలో పోకుండా నిలిచే చోటు. ఇవాళ ఆ చోటు దొరికింది. 'జబ్బారు ఆ పాట వినలేదు. పాటలో ఆ విరామం లేదు.' రెండు వాక్యాలు. వాడివీ రెండే కదా. పెదవులు కదలకుండా మళ్లీ మళ్లీ అనుకున్నాడు. కోపం వినపడకూడదు. నిర్లిప్తంగా, చరిత్ర కోసం అన్నట్టు ఉండాలి.

తలుపు అవతల నుంచి జబ్బారు గొంతు వస్తున్నది, మాటలు రావడం లేదు. మాటలు పోయి గొంతు మాత్రమే మిగిలినప్పుడు అదొక పాటే. ఎక్కుతుంది, ఒక చోట నిలుస్తుంది, మెల్లగా దిగుతుంది. దాని మీదా అసూయే. భైంసాలో వాడి తండ్రికి పత్తి వ్యాపారం. దుకాణంలో గద్దె మీద తండ్రి ఒళ్లో కూర్చొని మరాఠీ నాటకాల ప్లేట్లు, ఖవ్వాలీలు బాహాటంగా విన్నాడు. తాను మంథనిలో, గోదావరి ఒడ్డున, దొర ఇంటి వెనుక గోడకు చెవి ఆనించి విన్నాడు; తండ్రి పట్టుకొని, "వేదం జదివే చెవులు రా అవి," అని ఆ చెవినే మెలివేశాడు. వాడికి పాట ఇంటి వస్తువు, తనకు దొంగసొత్తు. అందుకేనేమో వాడు ఇచ్చినంత ధారాళంగా తానేనాడూ పాటను ఎవరికీ ఇవ్వలేకపోయాడు. తన సగాల్ని వాడు ఎట్లా చెప్పించుకునేవాడో, వాడి సగాల్ని ఎట్లా చెప్పేవాడో! బల్ల మీద దరువు వేసి, తబలా తానే, సారంగీ తానే, పక్క బల్లల వాళ్లు కుర్చీలు ఇటు తిప్పుకునేవారు. తాను చెప్పేటప్పుడు ఎవరూ కుర్చీ తిప్పలేదు. జబ్బారు ఒక్కడే విన్నాడు. ఒక్కడు, కానీ అట్లా విన్నవాడు మళ్లీ ఎవడూ దొరకలేదు... ఈ తలపు ఎటు పోతున్నదో చూసుకొని లింగమూర్తి దాన్ని అక్కడే తుంచేశాడు. లోపల పెద్ద నవ్వు లేచింది, కైలాసం నవ్వు కూడా కలిసింది. తన మీదనా?  

తలుపు తెరుచుకున్నది. "రండి సార్," అన్నాడు కైలాసం నుదురు తుడుచుకుంటూ. "జబ్బార్ సాబ్ బయటికి పోను అంటున్నరు. మిగిలింది మీరుండంగనే చెప్పాల్నట."

గది ఆవిరి పట్టినట్టున్నది. జబ్బారు షేర్వాణీ విప్పి కుర్చీకి వేసి, ఒట్టి బనియనుతో కూర్చున్నాడు. చెమటలో కూడా పెళ్లికొడుకులాగానే ఉన్నాడు. యంత్రం మీద రెండు చక్రాలు మెల్లగా తిరుగుతున్నాయి. లింగమూర్తి కూర్చున్నాడు, గొంతు సవరించుకున్నాడు, తన రెండు వాక్యాలను నాలుక మీదికి తెచ్చుకున్నాడు.

"సార్," అన్నాడు కైలాసం, "ఇసుర్రాయి పాట తను విననే లేదని జబ్బార్ సాబ్ చెప్పిండ్రు. విన్నది మీరట గద?"

వాక్యాలు నాలుక మీదనే ఎండిపోయాయి. పద్నాలుగేళ్లు దాచి, పదును పెట్టి తెచ్చిన ఆయుధాన్ని వాడు తన చేత్తోనే తీసి బల్ల మీద పెట్టేశాడు. నిజం చెప్పడంలో కూడా వాడే ముందు. ఇక తాను చెప్తే అది సాక్ష్యం కాదు, వంత.

"వీడు పాటను విన్నడు," అన్నాడు జబ్బారు యంత్రం వైపు వంగి, దానికి మర్యాద చేస్తున్నట్టు. "నేను వీన్ని విన్న. అంతే."

"గీ ముచ్చట గప్పుడు రాయకపోతివి మరి," అన్నాడు లింగమూర్తి. నిర్లిప్తత ఎక్కడికి పోయిందో తెలియదు.

"రాస్తె పాసు గుంజుకుందురు గదరా! నీ పెండ్లాం అన్నట్టు టికెట్ కొనుక్కోవాల్సి వచ్చు."

కైలాసం నవ్వి, వెంటనే ఆ నవ్వు కూడా టేపులోకి పోయిందని గుర్తొచ్చి సర్దుకున్నాడు. "ఒక్కసారి పాడి వినిపిస్తరా సార్? మీరు తప్ప ఇంక విన్నోళ్లు లేరు."

లింగమూర్తి నోరు తెరిచాడు. తెర గుర్తుకు వచ్చింది. తెల్లని జుట్టు, రాయి మీద ఎముకలు తేలిన చేయి. చెవి మాత్రం ఖాళీ. ఎక్కడ ఎత్తుకోవాలి? పై షడ్జం దగ్గరా, కిందనా? తడిమితే చేతికి తగిలింది జబ్బారు వాక్యమే. ఆమె పాట నడుమ ఒక్క ఊపిరిసేపు... కాదు, అది కాదు, పాట! పాటలో విరామం లేదని ఇన్నేళ్లు రుజువు చేసుకుంటూ వచ్చాడు. ఆ రుజువు నిలిచింది, పాట జారిపోయింది. తాను కాపాడుకున్నది పాటను కాదు, పాట మీది హక్కును.

"యాదికి రాలేదా?" అన్నాడు జబ్బారు మెల్లగా. "ఆగు." కళ్లు మూసుకొని కూనిరాగం తీశాడు. మాటలు లేవు, వట్టి వరస. గొంతు జబ్బారుదే. కాని ఆ ఎత్తుకోవడం, పై స్వరానికి చేరేముందు కొంచెం జంకడం, దిగేటప్పుడు ముక్కుతో అందుకోవడం, ఇవి పాడిన ఆ ముసలి పాత్రవి కావు. ఇవి తనవి. పద్నాలుగేళ్ల కిందటి తన గొంతును జబ్బారు తన గొంతులో దాచిపెట్టుకొని ఉన్నాడు.  వరస మూడో చుట్టు తిరిగింది, పైకి పోయింది, అక్కడ జబ్బారు ఆగాడు. ఒక్క ఊపిరిసేపు. మళ్లీ అందుకున్నాడు.

ఆ ఆగిన సందులోంచి ఆ శుక్రవారపు సాయంత్రం మొత్తం వచ్చింది. తాను పాడుతున్నాడు. ఎదురుగా జబ్బారు కళ్లు మూసుకొని ఉన్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు. వాడి ముఖం మీద వెలుగు పడ్డట్టయింది. ఆ ముఖం చూసి తనకు భయమేసింది. పాట వాడిలోకి పోతున్నది, తన నుంచి పోతున్నది, ఇంకొంచెం పాడితే ఇక అది వాడిదే, ఇంటికి పోయి వాడు తనకంటే బాగా రాస్తాడు! మిగతాది ఇవ్వవద్దు అనిపించింది. నోరు మూసుకున్నాడు. మరుక్షణాన సిగ్గుపడి మళ్లీ అందుకున్నాడు. అంతే. జబ్బారు ఏదీ కల్పించలేదు. విన్నదే రాశాడు. ఊళ్లకు ఊళ్లు తమ దుఃఖమని గుండెకు హత్తుకున్నది, అక్బరీ బేగం గోడకెక్కించుకున్నది, ఈ జిల్లాలో ఒక పాట గురించి రాసినవాటిలో కలకాలం నిలిచినది, ఒక మనిషి లోభంతో నోరు మూసుకున్న క్షణం. పాటను చూసి అసూయ పుట్టలేదు. జబ్బారు వాక్యాన్ని చూసీ పుట్టలేదు. వాక్యమే అసూయలోంచి పుట్టింది.

"ఒక్క సందేహం సార్," కైలాసం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఈ ఆగుడు పాటలనే ఉండెనా? మీరు పాడంగ ఆగిండ్రా? జబ్బార్ సాబ్‌కు పాట సంగతి తెల్వదట. చరిత్రల ఎట్ల రాయాలె?"

చక్రాలు తిరుగుతున్నాయి. ఉన్నదంటే జబ్బారు వాక్యం నిలుస్తుంది, అబద్ధం మీద. లేదంటే కూలుతుంది, కాని ఆ వెనుకనే 'ఎందుకు' అన్న ప్రశ్న నిలబడి ఉన్నది. నిజం పలకాలన్న కోరికా, వాడి వాక్యం కూలాలన్న కోరికా ఇవాళ ఒకే దుస్తుల్లో వచ్చాయి. ఏది ఏదో అతనికే తెలియలేదు.

"పాటల లేదు," అన్నాడు లింగమూర్తి. "నేనే ఆగిన."

"ఎందుకాగిండ్రు సార్?"

"చాయ్ వేడిగుండె. నాల్క కాలింది."

 జబ్బారు పగలబడి నవ్వాడు. బల్ల చరిచాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "చాయ్! యా అల్లా, చాయ్! నన్ను ఇసుర్రాయి సాబ్‌ను జేసింది సర్దార్ చాయ్! రాసుకో బేటా, రాసుకో. నాకు సలాం గొట్టినోళ్లందరు పోయి సర్దార్‌కు గొట్టాలె ఇగ." ఇంత కాలంగా కోరుకున్నది జరిగింది. వాక్యం కూలింది, వాడి నోటితోనే. లింగమూర్తి తన లోపల విజయం కోసం వెదికాడు. ఆ జాగలో ఏమీ లేదు. కైలాసం నిరాశను మర్యాదతో కప్పుకుంటూ మీట నొక్కాడు, చక్రాలు ఆగాయి. కొత్త రీలు కోసం మూలన ఉన్న పెట్టె దగ్గరికి పోయి, ఇటు వీపు పెట్టి కూర్చొని వెదకసాగాడు.

జబ్బారు నవ్వు అప్పుడు ఆగింది. కళ్లు తుడుచుకున్నాడు. యంత్రం వైపు ఒకసారి చూసి, అది తిరగడం లేదని నిశ్చయం చేసుకున్న తర్వాతనే లింగమూర్తి చెవి దగ్గరికి వంగాడు.

"చాయ్ అప్పటికింక రాలే, లింగం," అన్నాడు. "పాట ఆగిందో లేదో నాకు తెల్వది. నువ్వు ఆగినవ్. ఆగి నా మొఖం దిక్కు జూసినవ్. నేను రాసింది గదే."

లింగమూర్తి ఆ వాక్యాన్ని మనసులో మళ్లీ చదువుకున్నాడు. రాయి కింద నలిగింది జొన్నలు కాదు, మనం. ఆ చివరి మాటను ఇన్నేళ్లలో ఎన్నిసార్లు తిప్పి తిప్పి చదివాడో, ఎన్ని తప్పులు ఎంచాడో. అందులో కూర్చున్నది ఇద్దరే మనుషులని ఒక్కసారి కూడా తట్టలేదు. వాడు ఎరిగి రాశాడు. ఎరిగి, ఊరంతా తమదనుకునేటట్టు రాసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. పెట్టె మూత పడిన చప్పుడయింది, కైలాసం లేచి వస్తున్నాడు. చెంప మీద కారుతున్నదాన్ని చెమటగానే తుడుచుకుంటూ, ఆ వాక్యం తాను రాయవలసిందని లింగమూర్తి మళ్లీ అనుకున్నాడు.